మెలిరెక్కల పురుగు ఎవరి తాలూకు?

“ఈ బొమ్మను ఎవరు పీకిండ్రు?”

రమాకాంత్ అంత గట్టిగా అడగడం జువాలజీ ల్యాబులో ఎవరూ ఎన్నడూ వినలేదు. అడిగినాక అతనికే భయమేసింది.

గోడ మీద ఉన్నది అతను కష్టపడి గీసిన పెద్ద చార్టు. గుడ్డుగా ఒక బతుకు, లద్దెపురుగుగా ఇంకో బతుకు, గూట్లో కదలకుండా పడుకొని మరో బతుకు, చివరికి రెక్కలతో వేరే బతుకు. ఇట్లా పూర్తిగా రూపం మార్చుకునే పురుగులన్నిటి వంశవృక్షం అది. తేనెటీగలదీ చీమలదీ అన్నిటికన్నా ముందే వేరుపడ్డ కొమ్మ. ఆ తర్వాత పెంకుపురుగులది ఒకటి, సీతాకోకచిలుకలది ఒకటి, ఈగలదీ దోమలదీ ఒకటి. దసరా సెలవులయ్యాక యూనివర్సిటీలో ఓపెన్ డే ఉంది. ఊళ్ల నుంచి జనం వస్తారు. వాళ్లకు ఏ పురుగు ఏ పురుగుకు చుట్టమో చూపించాలి.

ఇప్పుడు ఈగల కొమ్మ పక్కన ఖాళీ చోటు, గుండుసూది గుచ్చిన రంధ్రాలు.

“మ్మ్మ్,” అంది స్టూలు మీద నిలబడ్డ అమ్మాయి. నోట్లో గుండుసూదులు పట్టుకొని ఉంది. ఒక్కొక్కటే తీసి, “నేనే పీకిన. తప్పు జాగల ఉన్నది. ఇది పెంకుపురుగుల పక్కకు పోవాలె,” అంది.

“తప్పా? పుస్తకంల చూసే పెట్టిన.”

“ఏ పుస్తకం? మీ తాత చదివిన పుస్తకమా?”

“మా తాత చదువుకోలేదు. మా ఇంట్ల డిగ్రీ చేసినోన్ని నేనే మొదలు.”

అతను జోకు వేయలేదు, ఉన్నమాట చెప్పాడు.

“మా ఇంట్ల నేనే మొదలు. అయితే ఇద్దరం సమానమే. పురుగు మాత్రం పెంకుపురుగుల పక్కకే.”

పంచాయితీ అంతా ఒక పురుగు గురించి. దాని అసలు పేరు స్ట్రెప్సిప్టెరా. పలకలేక డిపార్ట్‌మెంటులో అందరూ మెలిరెక్కల పురుగు అంటారు. బియ్యపు గింజకన్నా చిన్నది. ఆడదానిది దాదాపు బతుకంతా వేరే పురుగు కడుపులోనే కాపురం. మగదానికి రెక్కలు వస్తాయి గానీ, వచ్చాక కొన్ని గంటలే ఆయుష్షు. ఆ కాస్తలో పెళ్లికూతురిని వెతుక్కోవాలి.

“ఈగకు రెండే రెక్కలు, దీనికీ రెండే,” అన్నాడు రమాకాంత్. “మిగిలిన జత రెక్కలు ఈగకేమో చిన్న డప్పుపుల్లల లెక్క మారినయ్. దీనికీ డప్పుపుల్లలే. ఇంత కండ్ల ముందు కనవడుతాంటే...”

“కనవడేదంతా నిజమైతదా?”

అతను జవాబు వెతుక్కుంటుండగా గుమ్మంలో ఒక పెద్దమనిషి తడిసిన గొడుగు దులిపాడు. “బిడ్డా వినోదా, నీ సామాను హాస్టల్ల పెట్టిన. ఇగ నేను బస్సుకు పోత.”

ఆమె ప్రాజెక్ట్ అసిస్టెంటుగా ఆ రోజే చేరింది. తండ్రి వెంకట్రాజం ఏటూరునాగారం దగ్గర వ్యవసాయం చేస్తాడు. వెళ్లబోతూ రమాకాంత్‌ను కిందినుంచి పైదాకా చూశాడు.

“నువ్వెవరి పిలగానివి బిడ్డా?”

“మాది తొర్రూరు పక్కన. మోదులగూడెం రమాకాంత్.”

వెంకట్రాజం గొడుగు కిందపడింది. “మోదులగూడెమా! అరే, మాది గూడ మోదులగూడెమే! మా బాపు చెప్తుండె, మనోళ్ళు ఆ దిక్కు ఉంటరని. అయితే మనం పాలోళ్ళం గద! వరంగల్ల నా బిడ్డకు ఎవరున్నరని రంది పడుకుంట వచ్చిన. దేవుడు అన్నను సూపిచ్చిండు!”

మోదులగూడెం అనే ఇంటిపేరు వాడకట్టుకొకటి దొరికేది కాదు. అట్లాంటి పేరు రెండు చోట్ల ఉన్నదంటే ఒక్క ఇల్లే. ఒక్క ఇంటిపేరు వాళ్లు పాలోళ్ళు, అంటే అన్నదమ్ముల సంతానం. వాళ్ల పిల్లలు అన్నాచెల్లెళ్లు. ఎవరూ ప్రశ్న అడగాల్సిన పని లేని లెక్క అది. రమాకాంత్ కూడా అడగలేదు.

“జర చెల్లెను సూసుకో కొడుకా.”

“ఫికర్ చేయకుండ్రి చిన్నాయినా. నేనున్న.”

మాట ఇచ్చేశాడు. మాట ఇవ్వడంలో రమాకాంత్ ఎప్పుడూ వెనకాడడు. ఇచ్చాక తిరిగి చూస్తే, వినోద స్టూలు మీదే నిలబడి అతన్నే చూస్తోంది. ఆ చూపుకు అర్థమేమిటో అతనికి తెలియలేదు. చెల్లెలి చూపులాగా మాత్రం లేదు.

*

ఆ తర్వాత గోడ మీద యుద్ధం మొదలైంది. పొద్దున అతను మెలిరెక్కల పురుగును ఈగల పక్కన గుచ్చేవాడు. భోజనం చేసి వచ్చేసరికి అది పెంకుపురుగుల పక్కన ఉండేది. సాయంత్రానికి మళ్లీ ఈగలు. బొమ్మ అంచులు చినిగి పోగులు పడ్డాయి.

“దానికి బస్ పాస్ ఇప్పియ్యుండ్రి,” అనేవాడు విన్సెంట్. అతనిది కాజీపేట, వానపాముల మీద పరిశోధన చేస్తాడు. పక్క టేబుల్ మీద కూర్చొని ఈ తమాషా అంతా చూసేవాడు.

ఒకరోజు రమాకాంత్ అతన్ని వరండాలోకి లాక్కెళ్లాడు.

“విన్సెంట్, ఒకటి చెప్పు. వినోద నిన్ను ఏమని పిలుస్తది?”

“విన్సెంటన్నా అని.”

“వాచ్‌మన్‌ను?”

“పోశయ్యన్నా.”

“జిరాక్స్ షాపాయనను, కండక్టర్‌ను, సమోసాలాయనను?”

“అందరిని అన్నా అంటది. ఏందిరా నీ బాధ?”

“నన్ను మాత్రం అనదు. ‘ఇగో, జర ఆ గుండుసూది ఇయ్యిండ్రి.’ ‘ఇగో, వాన వస్తాంది.’ ఎప్పుడు ఇగో, ఇగో! సొంత అన్న వరస అయితి గద. నా మీద ఏం కోపమో అర్థమైతలేదు.”

విన్సెంట్ అతని ముఖం వైపు చాలాసేపు చూశాడు. “నువ్వు పీహెచ్‌డీ చేస్తానవా? నిజంగనే?”

“అంటే?”

“ఏం లే. నా వానపాములే నయం.”

కోపమే అయితే మిగతావి ఎట్లా అర్థం చేసుకోవాలి? సుబేదారిలో పుస్తకాలు కొని వస్తుంటే వాన పట్టుకున్నప్పుడు ఆమె పరుగెత్తి వచ్చి అతని గొడుగులో దూరింది. సగం భుజం తడుస్తున్నా నవ్వుతూ నడిచింది. ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి మడత గొడుగు పిడి బయటికి చూస్తూనే ఉంది.

“నీ దగ్గర గొడుగు ఉన్నది గద?”

“ఉన్నది.”

“మరి తియ్యవెందుకు?”

“తడుస్తది,” అంది వినోద.

అతను ఆ రాత్రి అన్నం కలుపుతూ కూడా ఆ మాటే ఆలోచించాడు. గొడుగు తడిస్తే ఏమవుతుంది? గొడుగు ఉన్నదే తడవడానికి కదా? ఆలోచిస్తుంటే గుండెలో ఏదో గూట్లోంచి రెక్కలు విప్పుకుంటున్నట్టు అనిపించింది. వెంటనే వెంకట్రాజం ముఖం గుర్తొచ్చింది. ‘జర చెల్లెను సూసుకో కొడుకా.’ తప్పు చేస్తూ దొరికినట్టు చేయి కడిగేసుకున్నాడు.

*

మెలిరెక్కల పురుగు దొరకాలంటే వరి పొలాలకు వెళ్లాలి. వరిని పీల్చే సుడిదోమ కడుపులో అది ఉంటుంది. రమాకాంత్ వినోదను తొర్రూరు దగ్గర తమ పొలానికే తీసుకెళ్లాడు. ఇద్దరూ వలలు పట్టుకొని మడుల మీద అటూ ఇటూ ఊపుతుంటే, గట్టు మీదినుంచి అతని నాయనమ్మ చిలుకమ్మ కేకేసింది.

“దోమలను వలేసి పడుతానవారా? సేపలు పట్టినా కూరన్న అయితుండె! ఈ పిల్లెవరు?”

“మనోళ్ళే బాపమ్మా. ఏటూరునాగారం దిక్కు మోదులగూడెపోళ్ళు. నాకు చెల్లె అయితది.”

వినోద చేతిలోని వల గాలిలోనే ఆగిపోయింది. పట్టిన దోమలన్నీ ఎగిరిపోయాయి.

అతను బోరు దగ్గర నీళ్లు పట్టుకొని తిరిగి వచ్చేసరికి చిలుకమ్మ, వినోద తలలు దగ్గర పెట్టుకొని ముచ్చట్లాడుతున్నారు. ‘మీ ఇంటి దేవుడెవరు బిడ్డా?’ అన్న మాట చెవిన పడింది. తర్వాత ఇద్దరూ పకపకా నవ్వారు. అతన్ని చూడగానే ఆపేశారు. బాపమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఏమైంది?”

“ఏం గాలే,” అన్నారిద్దరూ ఒకేసారి.

తిరుగు బస్సులో వినోద ఒళ్లో పురుగుల సీసా పెట్టుకొని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. రాయపర్తి దాటాక ఒక్క మాట అంది. “మీరు మస్తు రీసెర్చ్ చేస్తరు గని, కొన్నిటికి రుజువు అడగకుండనే ఒప్పుకుంటరు.”

“దేని గురించి అంటానవ్?”

“పురుగు గురించే.”

*

ఆ వారమే వెంకట్రాజం ఫోను చేశాడు. “కొడుకా, చెల్లెకు ఒక సంబంధం వచ్చింది. పిలగాని పేరు ఓంప్రకాశ్. సుబేదారిల ఆఫీసుల పని చేస్తాండట. అన్నవు గదా, జర పోయి సూసి రా. నువ్వు మంచోడంటే ఓపెన్ డేకు వచ్చినప్పుడు మాట ఖాయం చేస్త.”

అన్న చేయవలసిన పని. రమాకాంత్ ఇస్త్రీ చొక్కా వేసుకొని వెళ్లాడు. దారి పొడుగునా ఆ ఓంప్రకాశ్ తాగుబోతు కావాలనీ, కనీసం గుట్కా అయినా నమలాలనీ కోరుకున్నాడు. కోరుకున్నందుకు సిగ్గుపడ్డాడు కూడా.

ఓంప్రకాశ్ ఎదురొచ్చి చేయి కలిపాడు. చాయ్ తాగించాడు. ఉస్మానియా బిస్కెట్టు తినమని బలవంతం చేశాడు. తల్లిని దవాఖానలో చూపించడానికి సెలవు పెట్టాల్సి వస్తుందని నెమ్మదిగా చెప్పాడు. ఎంత వెతికినా మనిషిలో వంక దొరకలేదు.

“మంచోడే చిన్నాయినా,” అని ఫోనులో చెప్పాడు రమాకాంత్. అబద్ధం చెప్పడం రాదు. చెప్పి, ఫోను జేబులో పెట్టుకోవడం మరిచిపోయి చేతిలోనే పట్టుకొని ల్యాబుకు వచ్చాడు.

వినోద తలుపు దగ్గరే నిలబడి ఉంది. బాపు అప్పుడే ఆమెకూ ఫోను చేశాడు.

“పోయి సూసి వచ్చిండ్రట?”

“చూసిన.”

“మంచోడన్నరట?”

“మంచోడే. వాళ్ళమ్మను గూడ మంచిగ చూసుకుంటడు...”

“అయితే మీరే చేసుకోండ్రి!” అంది. కళ్లలో నీళ్లు. “ఈ పురుగును ఈగల పక్కనే పెట్టుకోండ్రి. ఇగ నేను ముట్ట.”

వెళ్లిపోయింది. మర్నాడూ మాట్లాడలేదు, ఆ తర్వాతా మాట్లాడలేదు. ‘ఇగో’ కూడా లేదు. చార్టు మీద మెలిరెక్కల పురుగు ఈగల పక్కన కదలకుండా ఉంది. గెలిచినందుకు ఇంత దిగులేమిటో రమాకాంత్‌కు అంతుపట్టలేదు.

*

ఓపెన్ డేకు ముందురోజు రమాకాంత్ గైడు సుందర్ రావు సార్ పిలిచాడు. వాళ్లు తెచ్చిన సుడిదోమల్లో ఒకదాని కడుపులోంచి మగ మెలిరెక్కల పురుగు బయటపడింది. సార్ దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాడు. పక్క మైక్రోస్కోపు కింద ఈగ.

“రమాకాంత్, ఈగకు ఈ డప్పుపుల్లలు ఏ రెక్కలు మారితే వచ్చినయ్?”

“వెనక రెక్కలు సార్.”

“మరి దీనికి? చూసి చెప్పు.”

రమాకాంత్ చూశాడు. కన్ను తుడుచుకొని మళ్లీ చూశాడు. ముందు పుల్లలు, వెనక విసనకర్రల్లాంటి రెక్కలు.

“దీనికి... ముందు రెక్కలు సార్.”

“అదీ సంగతి. వస్తువు ఒకే తీరుగుంది గాని, రెండు ఇండ్లల్ల వేరువేరుగ తయారైంది. చూపుకు మోసపోయి కొందరు దీన్ని ఈగల పక్కన కూసోబెట్టిండ్రు. జన్యువులు చూసినా మొదట్ల మోసమే అయింది. ఎందుకంటే రెండు జాతులూ మస్తు వేగంగా మారినయ్. అంత మారినోళ్ళు ఒక్క ఇంటోళ్ళే అనిపించింది. మొత్తం జీనోం చదివినంక, ఇది పెంకుపురుగుల చుట్టమని తేలింది. వినోద మొదటిరోజే చెప్పింది గదా. నువ్వు పుస్తకాన్ని చూసినవు, పురుగును చూడలే.”

వస్తువు ఒకే తీరు. వేరువేరు ఇండ్లు.

రమాకాంత్ స్టూలు మీదినుంచి లేచాడు. సార్ ఇంకా ఏదో చెప్తున్నాడు. “ఒక్క ఫోన్ సార్,” అని వరండాలోకి పరుగెత్తాడు. బయట వాన దంచుతోంది.

“బాపమ్మా! మనకు మోదులగూడెం అన్న ఇంటిపేరు ఎట్ల వచ్చింది?”

చిలుకమ్మ తీరిగ్గా అంది: “అడిగినవా బిడ్డా. ఎప్పుడడుగుతవో అని కూసున్న.”

“చెప్పు బాపమ్మా!”

“మోదులగూడెం ఒక ఊరు. గత్తర రోగమొచ్చి, వాంతులు బేదులతోని ఊరంత పాడువడ్డది. బతికినోళ్ళు తలోదిక్కు పోయిండ్రు. ఏడికి పోతే ఆడ, ఎవరు వీళ్ళంటే మోదులగూడెపోళ్ళు అన్నరు. మనం అసలైతే బొల్లమోళ్ళం. ఆ పిల్లోళ్ళు కూనోళ్ళు. మన ఇంటి దేవుడు మల్లన్న, వాళ్ళకు ఎల్లమ్మ. వాళ్ళింట్ల ముసలాయన పోతే మనం మైల పట్టలే, మనింట్ల మీ తాత పోతే వాళ్ళు పట్టలే. పాలోళ్ళయితే పట్టకుంట ఉంటరా?”

“మరి ఆ దినమే ఎందుకు చెప్పలే?”

“నేను నోరు తెరువకముందే నువ్వు చెల్లె అంటివి. నీకు మనసు లేదేమో అనుకున్న. ఆ పిల్ల చెప్పనియ్యలే. ‘ఆయన అడిగితెనే చెప్పు బాపమ్మా, అడగకుంటె వద్దు’ అన్నది. జర మొండిదే. నీకు అసొంటిదే కావాలె.”

ఫోను పెట్టేశాక రమాకాంత్ వానను చూస్తూ వరండాలోనే నిలబడ్డాడు. సంతోషించాలా, తల బాదుకోవాలా తెలియలేదు. వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. రేపు వెంకట్రాజం వస్తున్నాడు. ఓంప్రకాశ్ మంచోడని చెప్పింది తనే.

*

ఓపెన్ డే పొద్దున వినోద ల్యాబుకు వచ్చేసరికి స్టూలు మీద రమాకాంత్ ఉన్నాడు. నోట్లో గుండుసూదులు. మెలిరెక్కల పురుగు పెంకుపురుగుల పక్కన ఉంది. కొత్త కాగితం మీద కొత్తగా గీసిన బొమ్మ.

చాలా రోజుల తర్వాత ఆమె నోరు విప్పింది. “ఎందుకు మార్చిండ్రు?”

“మ్మ్మ్,” అన్నాడు. గుండుసూదులు తీసి, “డప్పుపుల్లలు ఒకే తీరుగున్నయని ఒక్క ఇల్లే అనుకున్న. తప్పే. అసలు అడుగవలసింది అడగలే.”

“పురుగు గురించేనా?”

“కాదు.”

వినోద తల వంచుకుంది. నవ్వు దాచడానికో, ఏడుపు దాచడానికో అతనికి తెలియలేదు. ఇప్పుడైనా అడగాలనుకున్నాడు. “నవ్వుతానవా, ఏడుస్తానవా?”

“నాకే తెలుస్తలే.”

అప్పుడే గుమ్మంలో గొడుగు దులిపిన చప్పుడు. “కొడుకా రమాకాంత్! ఇగ ఆ ఓంప్రకాశ్ వాళ్ళకు మాట చెప్దామా?”

రమాకాంత్ స్టూలు దిగాడు. చేతిలో మిగిలిన గుండుసూదులను ఏం చేయాలో తెలియక చొక్కా జేబుకు గుచ్చుకున్నాడు. చిన్నాయినా అనబోయి మానుకున్నాడు. వేరే పిలుపు పిలిచే హక్కు ఇంకా రాలేదు.

“నేను మీకిచ్చిన మాట వాపస్ తీసుకుంటాన.”

“ఏం మాట?”

“చెల్లెను చూసుకుంట అన్న మాట.”

“అంటే సూసుకోవా?”

“చూసుకుంట. బతికినన్ని దినాలు చూసుకుంట. గని చెల్లె లెక్క గాదు.”

వెంకట్రాజానికి ఏమీ అర్థం కాలేదు. కూతురిని చూశాడు, గోడను చూశాడు. రమాకాంత్ చార్టు దగ్గరికి తీసుకెళ్లి, ఈగను, మెలిరెక్కల పురుగును, పాడుబడ్డ ఊరిని, గత్తరను, మైలను అన్నీ కలిపి ఒకే ఊపున చెప్పేశాడు. ఏది పురుగు సంగతో, ఏది మనుషుల సంగతో అతనికే కలగాపులగమైంది.

“ఆగు బిడ్డా,” అన్నాడు వెంకట్రాజం తల పట్టుకొని. “పురుగుకు ఎల్లమ్మ ఏంది?”

“పురుగుకు గాదు బాపూ, మనకు,” అంది వినోద. “వాళ్ళకు మల్లన్న. వాళ్ళు బొల్లమోళ్ళు, మనం కూనోళ్ళం. నాయనమ్మను నేను ఎప్పుడో అడిగిన.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“నువ్వు అన్నా అంటివి, ఆయన చిన్నాయినా అనె. ఇద్దరు మాట్లాడుకొని వరస ఖాయం చేసుకుంటిరి. నన్నెవరన్న అడిగిండ్రా?”

వెంకట్రాజం కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. వేళ్ల మీద ఏవో తరాలు లెక్కపెట్టాడు. తప్పాడు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. పక్క టేబుల్ దగ్గర విన్సెంట్ వానపాములను మరిచి ఇటే చూస్తున్నాడు.

“ఆ ఓంప్రకాశ్ మంచోడని నువ్వే గద చెప్తివి?” అన్నాడు చివరికి.

“మంచోడే. అబద్ధం చెప్పలేను. గని... నేను గూడ అంత చెడ్డోన్ని గాదు.”

వెంకట్రాజం మీసం కింద పెదవి వణికింది. నవ్వేనని తేలడానికి కొంత సమయం పట్టింది. “సంబంధం చూడ పంపిస్తే, ఉన్నదున్నట్టు చెప్పి వచ్చినోనివి. మీ వాళ్ళు ఒకసారి మా ఇంటికి వచ్చి అడగాలె. పద్ధతి పద్ధతే. మా అమ్మతోని గూడ ఒక మాట రుజువు చేసుకుంట.” తర్వాత కూతురి వైపు తిరిగాడు. “ఇన్ని దినాలు ఈన్ని అన్నా అన్నా అని పిలిస్తివి. రేపు ఎట్ల మారుస్తవే?”

“నేనెప్పుడు పిలిచిన బాపూ?” అంది వినోద. “ఊరందరిని అన్నా అన్న. ఈయనకు మాత్రం ఏం పెట్టలే. ఖాళీ ఉంచిన.”

‘ఇగో, వాన వస్తాంది.’ ‘ఇగో, జర ఆ గుండుసూది ఇయ్యిండ్రి.’ అన్ని ‘ఇగో’లూ ఒక్కసారిగా రమాకాంత్‌కు గుర్తొచ్చాయి. కోపమనుకున్నాడు. ప్రతి మాటలోనూ ఒక చోటు ఆపి పెట్టిందని ఎన్నడూ తట్టలేదు.

బయట బస్సులు ఆగిన చప్పుడు, జనం మాటలు. ఊళ్ల నుంచి రావడం మొదలైంది. కొత్త బొమ్మ అంచు గాలికి లేస్తోంది. వినోద స్టూలు ఎక్కి ఒక చేత్తో దాన్ని అదిమి పట్టుకొని, రెండో చేయి వెనక్కి చాపింది.

“ఇగో బావా,” అంది, తిరిగి చూడకుండానే. “జర ఆ గుండుసూది ఇయ్యి.”

రమాకాంత్ జేబుకున్న గుండుసూది తీయబోయి వేలికి గుచ్చుకున్నాడు.